కందికోతకు కట్టిన దరువు

హైదరాబాద్, విద్యార్థినుల వసతిగృహం
4 సెప్టెంబరు 1961

అవ్వకు, ఎస్తేరు నమస్కారాలు.

నేను బాగున్నాను. నువ్వు పంపిన కందిపొడి అయిపోయింది. నాకంటే నా గదిలోని అమ్మాయే ఎక్కువ తిన్నది. మళ్ళీ ఎప్పుడు వస్తుందని రోజూ అడుగుతోంది.

ఒక సంగతి నీ అనుమతి కోసం రాస్తున్నాను. మా యూనివర్సిటీలో ఈ ఏడు కొత్తగా ఒక నృత్య ప్రదర్శన పెడుతున్నారు. విద్యార్థులే కాదు, పాఠాలు చెప్పే అధ్యాపకులు కూడా మాతో కలిసి ఆడతారు. మాకు చరిత్ర చెప్పే చంద్రశేఖర్ సారుకు పుట్టిన ఆలోచన ఇది. అధ్యాపకుల్లో సగం మంది మొహం తిప్పుకున్నారు. ముందుగా ఒప్పుకున్నది జంతుశాస్త్రం చెప్పే ఇంద్రమ్మ మేడమ్. గుంటూరు వైపు ఆవిడ, కొంచెం లావు మనిషి, కళ్ళద్దాలు, యాభై ఏళ్ళుంటాయి. మొదటిరోజు కుచ్చెళ్ళు ఎగదోపుకొని, "నాకు నడవడమే సరిగ్గా రాదు, ఇక ఆడడమా. నవ్వినవాళ్ళకు మార్కులు తీసేస్తాను, ముందే చెబుతున్నా" అంటూ దిగింది.

నన్ను 'కందికోత' అనే ఆటలో ముందు వరుసలో నిలబెట్టారు. చేనులో కంది కోసి, కట్టలు కట్టి, ఇంటికి మోసుకొచ్చే సంబరం అది. జనవరిలో వికారాబాద్ దగ్గర మా సేవా శిబిరం ఉంది, రోడ్డు వేసే పని. శిబిరం ముగిసే ముందు అక్కడి మైదానంలో ఊరివాళ్ళ ముందు ఈ ఆట మొదటిసారి ఆడతాం. ఆ తర్వాతే యూనివర్సిటీలో. వికారాబాద్ అంటే మన చర్చి సంఘంవాళ్ళు అందరూ చూస్తారు. అందుకే నిన్ను అడగకుండా సరేననలేదు. వాడీ స్టేషన్‌లో పనిచేసే నాన్నకు రాస్తే "అవ్వ ఎట్లంటే అట్ల" అని ఒక్క ముక్క పంపాడు.

నీ మనుమరాలు,
ఎస్తేరు

తాండూరు
12 సెప్టెంబరు 1961

ఎస్తేరుకు అవ్వ దీవెనలు.

నీ ఉత్తరం శనివారం అందింది. నాలుగవ తేదీన రాసినదాని మీద ఎనిమిదవ తేదీ ముద్ర ఉంది. వేయాలా వద్దా అని అన్ని రోజులు పెట్టెలో పెట్టుకున్నావన్నమాట.

నువ్వు రాసిన సంగతి నాకు ఇంతకుముందు తెలియనిది. అందుచేత అవునని గాని కాదని గాని అనే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలి. నేను ఉద్యోగమంతా మిషను బడిలోనే చేశాను, పెద్ద పంతులమ్మగా దిగిపోయాను. అన్ని సంవత్సరాల్లో పిల్లల ముందు ఒక్కసారి కూడా పరుగెత్తలేదు. వాన వచ్చినా నడిచే వెళ్ళాను. మరి మీ ఇంద్రమ్మగారు సాయంత్రం పిల్లల నడుమ అడుగు తప్పి, మరునాడు ఉదయం హాజరు పిలిస్తే ఎవరైనా సరిగ్గా పలుకుతారా? ఆడేటప్పుడు ఆవిడకు తప్పు చెప్పేది ఎవరు? విద్యార్థి చెప్పవచ్చునా? చెబితే ఏ మాటతో చెబుతారు? అధ్యాపకులకు ముందు వరుసలు, మీకు వెనక వరుసలు అని ఉందా, కలిసిపోయి నిలబడతారా? మగవారు, ఆడవారు ఒకే ఆటలో ఉంటారా? నిందించడానికి అడగడం లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాను.

ఇంకొకటి. ఎవరు ఆడతారో, ఎక్కడ ఆడతారో, ఎందుకు ఆడతారో అన్నీ రాశావు. వాయిద్యం ఏమిటో రాయలేదు. నువ్వు మరిచిపోయే పిల్లవు కావు. దానికి జవాబు వచ్చిన తరువాత అనుమతి సంగతి.

కందిపొడి దసరా సెలవులకు వచ్చే మనుషుల చేత పంపుతాను. ఆ అమ్మాయికి వేరే డబ్బా కట్టిస్తాను.

శాంతవ్వ

హైదరాబాద్
25 సెప్టెంబరు 1961

అవ్వకు,

నువ్వు అడిగినవి చదివితే మళ్ళీ పరీక్షకు కూర్చున్నట్టే అనిపించింది.

మరునాడు మేడమ్ హాజరు పిలిచినప్పుడు ఎవరూ నవ్వలేదట. జంతుశాస్త్రం పిల్లలు చెప్పారు. నవ్వుతారేమోనని ఆవిడే కాసేపు చూసి, "నా ఎడమకాలు గురించి ఎవరికైనా సందేహాలుంటే ఇప్పుడే అడగండి, తర్వాత కప్ప గుండె గురించి చెప్పాలి" అన్నదట. అప్పుడు నవ్వారు, ఆవిడతో కలిసి. వరుసల్లో అందరమూ కలిసే ఉంటాం. మగవాళ్ళు కోసేవాళ్ళు, ఆడవాళ్ళం మోసేవాళ్ళం. తప్పు చెప్పేటప్పుడు మాత్రం చిక్కే. సారుకు కాలు తప్పితే మేము దగ్గుతాం. మాకందరికీ జలుబేనని ఆయనకు బాగా నమ్మకం కుదిరింది.

ఇక చివరి ప్రశ్న. వాయిద్యం డప్పు.

ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. మొదట డోలక్ తెప్పించారు. అడుగు కుదరలేదు. విసిగి కూర్చున్నప్పుడు నేను ఊరికే బెంచీ మీద వేళ్ళతో కొడుతున్నాను. సారు గిరుక్కున తిరిగి, "ఏందది? మళ్ళొక్కసారి కొట్టు" అన్నారు. కొట్టాను. "ఎక్కడ నేర్చుకున్నవ్?" అన్నారు. "నేర్చుకోలేదు సార్, తాండూరులో మా ఇంటి కిటికీలకెల్లి విన్న" అన్నాను. కళ్ళు మూసుకొని ఇంకోసారి విని, "ఇది డప్పు మీద పడాల్సిన దరువు. కందికోత మొత్తం దీని మీదనే కడదాం" అన్నారు. వారంలో డప్పు వచ్చింది. సారే కొడతారు. నాకు ముందు వరుస వచ్చింది అందుకే, అవ్వా. ఆ దరువు నాది.

ఆ రోజే నా గదిలోని అమ్మాయి అందరిలో అడిగింది, "మీ ఇంట్ల ఎవరన్న కొడ్తుండెనా?" అని. లేదన్నాను. నాకు తెలిసినంతవరకు అది నిజమే. మన ఇంట్లో డప్పు నేను ఎన్నడూ చూడలేదు. అయినా ఆ మాట అన్నప్పటినుంచి మనసులో ఏదో గుచ్చుకుంటోంది. నేను అబద్ధమాడానా?

ఎస్తేరు

తాండూరు
3 అక్టోబరు 1961

ఎస్తేరుకు,

ఆ ఆటలో నువ్వు ఉండవద్దు.

అబద్ధమాడానా అని అడిగావు. తెలియని దాని గురించి ఎవరూ అబద్ధమాడలేరు. ఇప్పటికి అంతకంటే చెప్పను. నిన్ను అంత దూరం పంపింది చదువు కోసం, డప్పు ముందర కాళ్ళు కదపడం కోసం కాదు. మీ సారుకు మర్యాదగా చెప్పి తప్పుకో. చదువు భారం ఎక్కువైందని చెప్పు, అది నిజమే కదా.

ఉత్తరం ఇక్కడితో ముగించి సంతకం పెట్టబోయి ఆగాను. కొన్ని సంగతులు తెలుసుకోవాలని ఉంది. ఆ డప్పును గదిలోంచి మోసుకొచ్చేది ఎవరు, మీ సారా, నౌకరా? వానాకాలంలో దాన్ని ఎవరు కాస్తున్నారు? ఆట అయిపోయాక ఎక్కడ పెడతారు, పుస్తకాలున్న గదిలోనా, చీపుర్లు పెట్టే మూలనా? సిర్ర ఏ చేత పట్టుకుంటున్నారు? నువ్వు కొట్టిన దరువు ఎట్లా నడుస్తుందో కాగితం మీద రాయగలవా?

తప్పుకోమన్న మాటకు, ఈ ప్రశ్నలకు సంబంధం లేదు.

శాంతవ్వ

హైదరాబాద్
15 అక్టోబరు 1961

అవ్వకు,

నువ్వు వద్దన్నావు కాబట్టి మానేస్తాను. సారుకు ఇంకా చెప్పలేదు. నేను తప్పుకుంటే ఈ ఆటే తీసేస్తామని ఆయన అంటారని తెలుసు, అందుకే నోరు రాలేదు. ఈ వారంలో చెబుతాను. ఎందుకు వద్దో నువ్వు చెప్పకపోయినా చెబుతాను.

నువ్వు అడిగినవి. మోసుకొచ్చేది సారే. మొదటిరోజు నౌకరును తెమ్మంటే అతను "నేను ముట్ట సార్" అన్నాడు. సారు తానే వెళ్ళి తెచ్చుకున్నారు, అప్పటినుంచి అదే అలవాటు. ఉండేది ఆయన గదిలో, బల్ల మీద, పాత శాసనాల నకళ్ళ పక్కన. సిర్ర అంటే లావు పుల్లేనా? అది కుడిచేత. సన్నపు పుల్ల ఎడమచేత.

కాచడం గురించి అడిగావు గదా, అదొక కథ. వానలకు డప్పు తడిసిన అట్టపెట్టెలా మోగింది. ఏం చేయాలో మాకెవరికీ తెలియదు. ఇంద్రమ్మ మేడమ్ ముందు దాని మీద ఇస్త్రీపెట్టె పెట్టింది. తర్వాత తన ప్రయోగశాలకు తీసుకుపోయి గ్యాసు మంట దగ్గర పట్టుకుంది. ఒక అంచు కమిలి గదంతా కంపు. "ఇది కప్ప చర్మం కాదు మేడమ్" అని సారు, "కప్ప అయితే నాకు తెలిసేది" అని ఆవిడ. చివరికి ఎవరినో అడిగి వచ్చి ఎండుటాకుల మంట వేస్తే మోగింది. కానీ అవ్వా, డప్పును కాయాలని, వానాకాలం మరీ కాయాలని నీకెలా తెలుసు?

దరువు ఇలా ఉంటుంది: దం, దం, దక్కిడ దం. దం, దం, దక్కిడ దం. తర్వాత ఒక ఖాళీ. ఆ ఖాళీలో మేమందరం కందికట్టను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకొని, పక్కవాళ్ళను చూసి నవ్వాలి. ఆటంతటిలోకి అదే అందంగా ఉందని చూసినవాళ్ళు అంటున్నారు. నేను నేర్పిందే.

ఎస్తేరు

తాండూరు
24 అక్టోబరు 1961
(కార్డు)

ఎస్తేరుకు, ఉత్తరం అందింది. తప్పుకోమన్న మాట ప్రస్తుతానికి పక్కన పెట్టు. సారుకు ఏమీ చెప్పవద్దు. నాకు కొంత వ్యవధి కావాలి. పరీక్షలకు చదువుకో.
శాంతవ్వ

తాండూరు
3 జనవరి 1962

ఎస్తేరుకు అవ్వ దీవెనలు. ఇది వికారాబాద్ శిబిరానికి రాస్తున్నాను.

క్రిస్మసుకు వచ్చి వారం ఉన్నావు. రోజూ నా ముఖం చూశావు, నేను రోజూ చెబుదామనుకున్నాను. నోటితో చెప్పలేని మాటలు కొన్ని ఉంటాయి. బండి ఎక్కి నువ్వు వెళ్ళిన తరువాత కాగితం తీశాను.

మా నాయన పేరు శంకరప్ప. సంఘంలో చేరాక పుస్తకంలో వేరే పేరు రాశారు గాని, ఊరికి ఆయన ఎప్పుడూ డప్పు శంకరప్పే. దొర ఇంట్లో పెండ్లి అయినా, పటేలు చాటింపు వేయమన్నా, ఎవరైనా చనిపోయినా, జాతర అయినా మా గుడిసెకు పిలుపు వచ్చేది. జ్వరంతో పడుకున్నా లేచి పోవాలి. ఇచ్చినవాడు గింజలు ఇస్తాడు, ఇవ్వనివాడు ఇవ్వడు, అడిగే హక్కు లేదు. దాన్ని వెట్టి అంటారు. మీ చరిత్ర పుస్తకాల్లో ఆ మాట ఉండే ఉంటుంది. డప్పు కాచే పని నాది. ఈతాకుల మంట మీద తిప్పుతూ ఉంటే నాయన వేలితో తట్టి చూసి, "ఇంక జర కాగాలె బిడ్డ" అనేవాడు. ఏ పిలుపుకు ఏ దెబ్బ కొడతాడో నాకు అక్షరాలకంటే ముందు తెలుసు.

నన్ను వికారాబాద్ మిషను బడిలో వేసిన రోజు ఆయన డప్పు తోలు విప్పేశాడు. "నా బిడ్డ సదువుకుంటది, గీ సప్పుడు దాని చెవుల పడొద్దు" అన్నాడు. పిలుపుకు పోనందుకు తన్నులు తిన్నాడు. మళ్ళీ ముట్టలేదు. ఆయన నాకు అప్పజెప్పిన మాట అది ఒక్కటే. మీ నాన్న విషయంలో, నీ విషయంలో దాన్ని తప్పకుండా పాటించాను. పెండ్లి డప్పు వినబడితే నిన్ను లోపలి గదిలోకి పిలిచి గట్టిగా ఎక్కాలు చెప్పించాను. పండుగ డప్పుకూ ఎక్కాలే. అది తప్పని ఇప్పటికీ అనుకోను.

అయితే మన ఇల్లు శ్మశానం దారిలో ఉంది. శవం పోతుంటే, అది ఎవరి శవమైనా సరే, ఎక్కాలు అరిపించడం మర్యాద కాదు. అప్పుడు మాత్రం, కిటికీలోంచి చూసే ఎత్తు ఇంకా లేని నిన్ను అక్కడ నా పక్కన నిలబెట్టుకొని, వాళ్ళు దాటిపోయేదాకా నోరు మెదపకుండా ఉండేదాన్ని. నువ్వు మొదటినుంచి చివరిదాకా విన్న డప్పు అది ఒక్కటే.

నువ్వు రాసి పంపింది సావు దెబ్బ, ఎస్తేరూ. అక్టోబరులో చదివినప్పుడే తెలుసుకున్నాను. మీరు నవ్వే ఆ ఖాళీలో పాడె మోసేవాళ్ళు భుజం మార్చుకుంటారు.

మైదానంలో కూర్చునే జనంలో ఆ దెబ్బ తెలియనివారు ఉండరు. పంటను పాడెలాగా మోస్తూ నవ్వుతున్నారని కొందరు లేచిపోతారు. కొందరు మిమ్మల్ని చూసి నవ్వుతారు. మీ సారుకు చెప్పక తప్పదు. చెప్పాలంటే నీకు ఎట్లా తెలిసిందో చెప్పాలి. చెబుతావో, ఏదైనా సాకు పెట్టి ఆట నుంచి తప్పుకొని ఇంటికి వస్తావో నీ ఇష్టం. ఈసారి నేను ఆజ్ఞ పెట్టడం లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. ఇకమీదట ఆ అమ్మాయి అడిగితే "లేదు" అనడం అబద్ధమవుతుంది.

శాంతవ్వ

వికారాబాద్, సేవా శిబిరం
13 జనవరి 1962

అవ్వకు,

నీ ఉత్తరం రెండు రోజులు చీర మడతలో పెట్టుకొని తిరిగాను. మూడోరోజు చెప్పాను.

సాధన మొదలుపెట్టబోతుంటే సారును ఆగమన్నాను. "సార్, ఇది సావు దెబ్బ" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ఖాళీలో ఏం జరుగుతుందో చెప్పాను. "నీకెవరు చెప్పిన్రు?" అన్నారు. "మా అవ్వ. వాళ్ళ నాయన ఈ పక్కల డప్పు కొట్టెటోడు సార్. వెట్టికి కొట్టెటోడు" అన్నాను.

ఇంద్రమ్మ మేడమ్ చేతిలో కందికట్టను మెల్లగా కింద పెట్టి, "అంటే ఆగస్టు నుంచి మనం శవాన్ని మోస్తూ ఇకిలిస్తున్నామన్నమాట. పైగా నేను అందరికంటే ఎక్కువ ఇకిలించాను" అన్నది. నవ్వాలో ఏడవాలో తెలియక కొందరు నవ్వారు. సారు మాత్రం సిర్ర పక్కన పెట్టి, ఆ రోజుకు సాధన ఆపేశారు.

నా గదిలో ఉండే అమ్మాయి, కందిపొడి అమ్మాయి, ఇక్కడ గుడారంలో నా పక్కనే పడుకునేది. ఆ రోజు తన పక్క తీసుకెళ్ళి అవతలి చివర వేసుకుంది. గాలి బాగా వస్తుందట అక్కడ.

ఇక అసలు చిక్కు. సారు ఆట మానేద్దామంటున్నారు, వేరే దరువు దొరికితే తప్ప. దొరుకుతుందేమోనని ఇక్కడి వాడకు వెళ్ళారు, నేనూ వెంట వెళ్ళాను. జంగప్ప అని ఒక పెద్దమనిషి గడప దగ్గరే మంచం మీద కూర్చొని విన్నాడు. "పిలిస్తె పోవుడు మేం బంద్ పెట్టి శాన ఏండ్లాయె సారూ. మీ ఆట గూడ మేమే కొట్టాల్నా? ఎగిరెటోళ్ళే కొట్టుకోండ్రి" అన్నాడు. కోపంగా అనలేదు. సారు నమస్కారం పెట్టి వచ్చేశారు. దారిలో "ఆయన చెప్పింది సబబే" అన్నారు.

నాకు తెలిసిన దరువు ఒక్కటే, అది కూడా ఇది. పెండ్లి దెబ్బ ఎలా ఉంటుందో రాసి పంపగలవా? ఇప్పుడు ఆట ఆగిపోతే, నేను చెప్పిన మాట వల్లే ఆగిపోయిందని అందరికీ గుర్తుండిపోతుంది. చెప్పినందుకు నాకు బాధ లేదు. చెప్పి ఊరుకోవడమే బాధగా ఉంది.

ఎస్తేరు

తాండూరు
16 జనవరి 1962

ఎస్తేరుకు అవ్వ దీవెనలు.

దెబ్బను కాగితం మీద రాస్తే ఏమవుతుందో అక్టోబరులోనే చూశాము. రాయను.

మీ సారును, ఇంద్రమ్మగారిని తీసుకొని ఆదివారం నాడు ఉదయం బండికి రండి. ఆరాధన ముగిసేసరికి ఇంటి దగ్గర ఉండాలి. డప్పు తీసుకురండి, స్టేషను నుంచి ఇంటిదాకా దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా మీ సారే తీసుకురావాలి. బజారులోంచే రావాలి, వెనక దారిన వద్దు.

ఇంకొకటి ముందే అడిగి నాకు తెలియజెయ్యి. మా ఇంట్లో నీళ్ళు తాగుతారా? తాగనంటే తప్పు పట్టను. మిషను బడికి తనిఖీకి వచ్చిన అధికారులు ఎందరో ఫ్లాస్కులు తెచ్చుకునేవారు. ఎన్ని గ్లాసులు కడిగి పెట్టాలో తెలియాలి, అంతే.

వికారాబాద్ మైదానానికి మాత్రం నన్ను రమ్మని అడగవద్దు. డప్పు ముందర జనంలో కూర్చోవడం నా వల్ల కాదు.

గుడారంలో చలికి దుప్పటి చాలకపోతే రాయి.

శాంతవ్వ

వికారాబాద్, సేవా శిబిరం
18 జనవరి 1962
(కార్డు)

అవ్వకు, ఆదివారం వస్తున్నాం. సారు "నీళ్ళ సంగతి అడగవలసిన రోజు ఇంకా ఉన్నందుకు నేనే సిగ్గుపడాలి" అన్నారు. మేడమ్ "నీళ్ళేంటి? భోజనం పెడితే తింటాను, కందిపొడి ఉంటే రెండుసార్లు తింటాను" అన్నది. గ్లాసులు మూడు.
ఎస్తేరు

వికారాబాద్
29 జనవరి 1962

అవ్వకు,

రేపు శిబిరం ఎత్తేస్తున్నారు. ఆట ఎలా జరిగిందో నీకు రాయకుండా బండి ఎక్కలేను.

ముందు ఆ ఆదివారం సంగతి. నువ్వు మమ్మల్ని అరుగు బండల మీద కూర్చోబెట్టి, రూళ్ళకర్రతో పీట మీద పెండ్లి దెబ్బ కొట్టినప్పుడు సారు పలక పట్టిన పిల్లవాడిలా చూశారు. రెండుసార్లు తప్పు కొడితే నువ్వు "వేళ్ళు కాదు, మణికట్టు" అన్నావు. తిరుగు బండిలో ఆయన దారి పొడుగునా కిటికీ చెక్క మీద మణికట్టు తిప్పుతూనే ఉన్నారు. ఎదుటి ప్రయాణికుడు నరాల జబ్బనుకొని ఏదో వేరు పేరు చెప్పాడు. మేడమ్ మాత్రం నా వైపు తిరిగి, "మీ అవ్వ ఆ డప్పు తీసుకొని పొయ్యి దగ్గరికి వెళ్ళినప్పుడు చూశావా? వేలితో తట్టి వింటోంది. నేను గుండె చప్పుడు వినేటప్పుడు అలా వినను" అన్నది. చూశాను, అవ్వా. నువ్వు మా వైపు వీపు పెట్టి కాచావు. నాకు పక్క నుంచి కనిపించావు.

ఆట బాగా జరిగింది. సంతకు వచ్చినవాళ్ళు, రైల్వేవాళ్ళు, మన సంఘంవాళ్ళు, మైదానం నిండిపోయింది. మొదటి దెబ్బ పడగానే వెనక ఎవరో "పెండ్లి ఎవరిదిరో?" అని అరిచారు. ఇంద్రమ్మ మేడమ్ ఆడుతూనే "మాదే" అన్నది. అప్పటినుంచి జనం మాతో ఉన్నారు. కోత అయి, కట్టలు ఎత్తుకొని మేము తిరిగినప్పుడు మేడమ్ ఎడమవైపు పోబోయింది. నేను కంటితో చూపించాను, సర్దుకుంది. దగ్గలేదు. ఆ అవసరం లేకుండా పోయింది మా అందరికీ. జంగప్ప కూడా వచ్చాడు. దూరంగా నిలబడి, చేతులు కట్టుకొని చూశాడు. అయ్యాక సారు దగ్గరికి వచ్చి, "ఎవరు నేర్పిన్రు?" అని మాత్రం అడిగి, చెబితే తలూపి వెళ్ళిపోయాడు.

కందిపొడి అమ్మాయి ఆటలో నా వరుసలోనే ఆడింది. అయ్యాక "బాగయింది" అన్నది. తన పక్క ఇంకా అవతలి చివరే ఉంది. హైదరాబాద్ వెళ్ళాక గదిలో ఏం చేస్తుందో చూడాలి. నేనైతే గది మారను.

నువ్వు రాలేదు. రానని ముందే చెప్పావు, అయినా ఆడుతున్నంతసేపూ జనంలో వెతికాను. ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది.

ఎస్తేరు

తాండూరు
3 ఫిబ్రవరి 1962

ఎస్తేరుకు అవ్వ దీవెనలు.

నేను వచ్చాను.

మధ్యాహ్నం బండికి వచ్చి, ఆడవాళ్ళ వైపు చివర, గోడౌను గోడకు ఆనుకొని కూర్చున్నాను. నీకు చెప్పకపోవడానికి కారణం ఉంది. కూర్చోలేక మధ్యలో లేచిపోతే అది నీ కంట పడకూడదనుకున్నాను. లేవలేదు.

ఇంద్రమ్మగారు ఎడమవైపు తిరగబోవడం, నువ్వు కంటితో చెప్పడం చూశాను. ఆవిడ సిగ్గుపడలేదు, నీ మీద చిన్నబుచ్చుకోలేదు. తరువాతి అడుగుకు ఇంకాస్త నిటారుగా నిలబడింది. ఒక అధ్యాపకురాలు ఒక విద్యార్థిని చూపును అట్లా అందుకోవచ్చని చూస్తే తప్ప నమ్మేదాన్ని కాదు. బండిలో వస్తూ దాని గురించే ఆలోచించాను. ఇంకా ఆలోచిస్తున్నాను.

నా పక్కన హన్మమ్మ అని ఒకావిడ కూర్చుంది. దోమ అనే ఊరి వైపు కురుమవాళ్ళు, గొర్రెలు అమ్ముకోను వచ్చారట. ఆట మొదలైంది మొదలు ఆమె నోరు ఆగలేదు. "గా కండ్లద్దాల పంతులమ్మను సూడక్కా, ఎట్ల ఎగురుతున్నదో. మా ఊరి పంతులైతే కుర్సీల కెల్లి లేవనే లేవడు" అన్నది. కాసేపటికి నిన్ను చూపించి, "గా ముందలున్న పిల్ల ఎవరి పిల్లనో గని, కాలు మస్తు పడుతున్నది" అన్నది.

ఎవరి పిల్ల అని అడిగితే నేను ఇన్నేళ్ళూ మిషను బడి పేరు చెబుతూ వచ్చాను. వికారాబాద్‌లో మరీను. అది అబద్ధం కాదు, నేను అక్కడే పెరిగాను. ఆ రోజు బడి పేరు నోటికి రాలేదు. "నా మనుమరాలు. నేను డప్పు శంకరప్ప బిడ్డను" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. ముందున్న ఇద్దరు ఆడవాళ్ళు తిరిగి చూశారు. అందులో ఒకామె కొంగు దగ్గరికి లాక్కొని అవతలికి జరిగింది.

హన్మమ్మ జరగలేదు. నన్ను కిందికీ మీదికీ చూసి, "అట్లయితె నీకు ఎర్కుంటది. సక్కగ కొడుతున్నరా?" అని అడిగింది.

"మొదాలు సక్కగనే కొట్టిన్రు. కట్టలు ఎత్తుకున్నంక జర తొందరపడ్డరు" అన్నాను.

ఈ సంగతి మీ సారుకు చెప్పు. యూనివర్సిటీలో ఆడేనాటికి ఆ తొందర పోవాలి. ఏ తేదీనో రాయి. నేను వస్తున్నాను. ఈసారి ముందు వరుసలో కూర్చుంటాను.

డప్పు శంకరప్ప బిడ్డ,
శాంతవ్వ